ఇటికరాయి రంగు మాత్ర

“లేదండి, మా ఇంట్లో అలాంటి అలవాట్లేమీ లేవు,” అన్నాడు శామ్యూల్ రాజ్.

కళ్ళ డాక్టరు అడిగింది అతన్ని కాదు, అతని తల్లి ఆనందమ్మను. చీటీ మీద కలం ఆనించి, ఆవిడ వంకే చూస్తూ, “పొగాకు అలవాటేమైనా ఉందామ్మా?” అని అడిగాడు. ఆవిడ నోరు తెరిచేలోపే కొడుకు జవాబు చెప్పేశాడు. చెప్పి ఊరుకోకుండా, కొంచెం నొచ్చుకున్నవాడిలా, “మా అమ్మగారు చర్చిలో స్త్రీల సమాజానికి అధ్యక్షురాలండి,” అని కూడా కలిపాడు. అధ్యక్షురాలంటే ఇక అడిగేదేముంది? డాక్టరు చీటీ రాసిచ్చేశాడు.

గోడవారగా స్టూలు మీద కూర్చున్న కోడలు కల్పన ఆ సమయానికి తన చెప్పుల వంక చూసుకుంటోంది. అత్తగారు రోజుకి నాలుగు చుట్టలు కాలుస్తుందని ఆమెకి తెలుసు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాళ్ళం అత్తగారూ తనూ ఇద్దరమేనని ఆమె నమ్మకం. చెబుదామా అనుకుంది. మొగుడి ముందు, పరాయి మగాడి ముందు, అత్తగారి పరువు తీసి బల్ల మీద పెట్టడానికి ఆమెకి నోరు రాలేదు.

అది రెండువేల మూడు ఆగస్టు. నాగాయలంక నుంచి బందరు కోనేరు సెంటరు దాకా బస్సులో వచ్చి, వరసలో కూర్చుని, కంట్లో చుక్కలు వేయించుకుని, మళ్ళీ కూర్చుని, చివరికి తెలుసుకున్నది ఇదీ. ఆనందమ్మ కుడికంట్లో చూపు మధ్యభాగం పోయింది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, మొహం ఉండాల్సిన చోట మాత్రం చెరిపేసిన పలకలా మరక కనిపిస్తుంది. వయసుతో పాటు కంటి లోపలి పొర అరిగిపోవడం వల్ల వచ్చే జబ్బట. అది శుక్లం కాదు, కోసి తీసేయడానికి. ఎడమకంట్లో కూడా మొదలైంది, దూరానివి మసకబారినా దగ్గరి చూపు ఇంకా ఉంది.

“పోయింది తిరిగి రాదమ్మా,” అన్నాడు డాక్టరు. “ఉన్నదాన్ని నిలబెట్టడానికి ఈ మాత్రలు. విటమిన్లూ జింకూ ఉంటాయి వీటిలో. పనిచేస్తాయని ఈమధ్యే పెద్ద పరీక్ష చేసి తేల్చారు. అందరికీ పనిచేస్తాయని ఖాయంగా చెప్పను. మానకుండా వేసుకోండి.”

దాంతో పాటు ఒక గళ్ళ కాగితం ఇచ్చాడు. పిల్లల లెక్కల పుస్తకంలో ఉండే గళ్ళే, నడుమ ఒక నల్లచుక్క. రోజూ కుడికన్ను మూసుకుని ఎడమకంటితో ఆ చుక్కని చూడాలి. చుట్టూ గీతలు తిన్నగా ఉన్నన్నాళ్ళు భయం లేదు. వంకరగా కనిపించిన రోజున ఉన్నపళంగా రావాలి.

ఆనందమ్మకి ఎడమకన్ను ఎందుకు కావాలో ఆ డాక్టరుకి తెలియదు. ఆవిడ నలభయ్యో ఏట చర్చి అరుగు మీద లాంతరు ముందు కూర్చుని అక్షరాలు దిద్దిన మనిషి. అప్పటిదాకా వరినాట్లు తప్ప మరో విద్య లేదు. గుణింతాలతో కుస్తీపట్టి, రెండేళ్ళలో బైబిలు చదివే స్థాయికి వచ్చింది. గురువారం స్త్రీల కూటంలో వాక్యం చదివేది ఆవిడే. సంఘంలోకి చదువుకున్న కోడళ్ళు పదిమంది వచ్చినా ఆ పీట ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వమని అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదనుకోండి. పెద్దక్షరాల బైబిలు మొహానికి జానెడు దూరంలో పెట్టుకుని ఇప్పటికీ చదువుతుంది. ఆ కన్ను కూడా పోతే పీట దిగాలి. దిగాక ఇంకేం చేయాలో ఆవిడకి తెలియదు.

చుట్ట సంగతి అంతకన్నా పాతది. నాట్ల రోజుల్లో, తెల్లారి నీళ్ళలో దిగేముందు ఒళ్ళు వెచ్చబడడానికి ఆడవాళ్ళందరూ కాల్చేవాళ్ళు. అప్పట్లో అందులో గుట్టేమీ లేదు. తరవాత పాస్టరుగారు పొగాకు మీద ప్రసంగం చేసిన ఆదివారం ఆనందమ్మ సంఘం మధ్యలో లేచి నిలబడి, ఈ రోజుతో మానేస్తున్నానంది. నిజంగానే మానేసింది కూడా. ఎనిమిది నెలల తరవాత భర్త పోయాడు. ఆ ఏడాదే మళ్ళీ మొదలైంది, ఈసారి పెరట్లో నీళ్ళపొయ్యి దగ్గర, చాటుగా. పాస్టరుగారు మాత్రం ఇప్పటికీ ఏటా ఒకసారైనా, మన ఆనందమ్మగారిని చూడండి అని సాక్ష్యంగా చెబుతూనే ఉంటారు. పాపం, ఆవిడ ఆ పూటంతా తల దించుకునే ఉంటుంది. దాన్నీ వినయమే అనుకున్నారు జనం.

కల్పనకి ఈ సంగతి కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే తెలిసింది. ఉతుకుతుంటే అత్తగారి పైటకొంగుకి చిన్న చిన్న కాలిన చిల్లులు కనిపించాయి. అడగలేదు. రంగు దారం వెతికి, చిల్లు పూడ్చి కుట్టి, మడతపెట్టి పెట్టె మీద పెట్టింది. అత్తగారూ ఏమీ అనలేదు. పద్నాలుగేళ్ళుగా ఒకావిడ కాలుస్తూనే ఉంది, ఇంకొకావిడ కుడుతూనే ఉంది. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న ప్రేమలో సగం ఆ కుట్టుపనిలోనే ఉందంటే నమ్మాలి.

మాత్రలు ఇటికరాయి రంగులో పొడుగ్గా ఉండేవి, పొద్దునొకటి, రాత్రొకటి. సెప్టెంబరులో రెండో డబ్బా విప్పుతుంటే, మొదటిదానిలో లేని మడతల కాగితం ఒకటి లోపల దొరికింది. కల్పన నాగాయలంక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం. ఏ మందు కాగితమైనా చదవకుండా పారేసే అలవాటు లేదు. చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలు. వెలుతురులోకి వెళ్ళి, కూడబలుక్కుని చదివింది. మూడో మడతలో ఉంది ఆ వాక్యం. పొగతాగేవారు ఈ మందు వాడరాదు.

కల్పన ఆ మడతని అరచేత్తో సాపుచేసింది. మళ్ళీ చదివింది. చదివినకొద్దీ మారుతుందా?

మర్నాడు ఆసుపత్రిలో పేషెంట్లందరూ వెళ్ళాక డాక్టరమ్మని అడిగింది. తనకెవరో తెలిసినావిడ గురించి అన్నట్టే అడిగింది.

“ఇందులో బీటా కెరోటిన్ అని ఉంటుంది కల్పనా. క్యారెట్‌లో ఉండేదే, కానీ ఇంత మోతాదులో మాత్రగా వేసుకుంటే పొగతాగేవాళ్ళకి ఊపిరితిత్తుల కాన్సర్ ఎక్కువవుతుందని తేలింది. మామూలు మనుషులకి ఫర్వాలేదు. ఎంత తాగుతారు ఆవిడ?”

“చుట్టలండి. రోజుకి నాలుగు.”

“అయితే వెంటనే ఆపమను. అది లేకుండా సీ విటమిన్, ఈ విటమిన్, జింకు విడిగా వేసుకోవచ్చు. అసలు మాత్రల కంటే ముందు చుట్ట మానాలి. ఆ కంటిజబ్బుని తొందరపెట్టేదే పొగ. వాళ్ళ కళ్ళ డాక్టరుకి చెప్పలేదా ఆ మాట?”

“కనుక్కుంటానండి,” అంది కల్పన. చెప్పలేదండి, ముగ్గురం అక్కడే ఉన్నాం అని ఎలా అంటుంది? ఇంటికి వస్తూ దారంతా లెక్క వేసుకుంది. ముప్పై మూడు రోజులు. ముప్పై మూడు రోజులు తన చేత్తోనే మంచినీళ్ళ గ్లాసుతో సహా అందించింది.

ఆ సాయంత్రం ధైర్యం చేసి పెరట్లోకి వెళ్ళింది. నీళ్ళపొయ్యి ముందు పీట మీద అత్తగారు. గుప్పిట మూసి ఒళ్ళో పెట్టుకుంది.

“అత్తయ్యా, ఈ పొగ...”

“కట్టెలు పచ్చివే అమ్మాయ్. ఎంత ఊదినా అంటుకోవడం లేదు,” అంది ఆనందమ్మ, కోడలి వంక కాకుండా కొంచెం పక్కకి చూస్తూ. ఆవిడకి ఇప్పుడు మనిషి కనపడాలంటే పక్కకే చూడాలి. “రేపు ఎండినవి తెప్పించు.”

“అలాగేనండి,” అంది కల్పన. కట్టెలు పెళపెళమని మండుతున్నాయి. ఇంక ఆ విషయం ఎత్తడానికి దారి లేదు. మొగుడికి చెబుదామంటే, అమ్మ పేరెత్తితే చాలు నిటారుగా కూర్చునే మనిషి. హైస్కూల్లో తెలుగు మాస్టారు, సంఘంలో పెద్ద. తల్లి ముప్పయ్యేళ్ళుగా సంఘాన్ని మోసం చేసిందని అతనికి తను చెప్పాలా? ఒకటే ఆలోచించింది. నవంబరులో మళ్ళీ బందరు వెళ్ళాలి కదా, అప్పుడు డాక్టరుతో చాటుగా చెప్పేద్దాం. ఈలోగా ఆ మాత్ర ఆవిడ నోట్లో పడకూడదు.

చల్లపల్లి వెళ్ళి విడి మాత్రలు కొనుక్కొచ్చింది. పాత సీసా ఖాళీ చేసి వీటిని అందులో పోసింది. కంపెనీవాళ్ళు తయారీ మార్చారు అత్తయ్యా, ఇప్పుడు ఒకటి బదులు మూడు వేసుకోవాలి అంది. అబద్ధమాడడం అలవాటు లేని గొంతు తేలిపోయింది. ఆనందమ్మ గుండ్రటి మాత్రని వేళ్ళ మధ్య కాసేపు తిప్పి చూసి, ఏమీ అనకుండా మింగింది. అనకపోవడానికే కల్పనకి భయమేసింది.

భయపడ్డట్టే జరిగింది. పక్కింటి భాగ్యమ్మ మాటల్లో మాటగా, కోడళ్ళు మందుల దగ్గర చేసే పొదుపు గురించి తనకి తెలిసిన కథలన్నీ ఏకరువు పెట్టిపోయింది. ఆనందమ్మకి పొగాకు తెచ్చిచ్చేది ఈ భాగ్యమ్మే. ఆ రోజు నుంచి ఆనందమ్మ మాత్ర మింగే ముందు వాసన చూడడం మొదలుపెట్టింది. మాటలు తగ్గాయి. గళ్ళ కాగితం ముందు నిలబడి చుక్కని చూసేటప్పుడు, ఇదివరకు, అమ్మాయ్, గీతలు బాగానే ఉన్నాయి అని కేకేసి చెప్పేది. ఇప్పుడు చూసుకుని ఊరికే వెళ్ళిపోతోంది. కల్పన ప్రతి పొద్దునా వంటింట్లో గరిటె పట్టుకుని ఆ కేక కోసం చెవులు రిక్కించేది. పొయ్యి మీది కూర రెండుసార్లు మాడింది.

ఇంకో భయం కూడా ఉంది, అది మరీ పాడు భయం. ఆ మాత్రలన్నీ కలిపి వేస్తేనే కదా పరీక్షలో తేలింది. ఒకటి తీసేస్తే మిగిలినవి పనిచేస్తాయా? డాక్టరమ్మ వేసుకోవచ్చు అంది, పనిచేస్తాయి అనలేదు. రేపు ఆ ఎడమకన్ను పోతే పోగొట్టింది ఎవరు?

నవంబరు మొదటి వారంలో ఒక పొద్దున ఆ కేక వినిపించింది. కోడలిని కాదు, కొడుకుని పిలుస్తోంది.

“రాజూ, ఇలా రా. గీతలు వంగాయిరా.”

స్కూలుకి బయలుదేరుతున్న శామ్యూల్ రాజ్ చొక్కా బొత్తాలు పెట్టుకుంటూనే పరిగెత్తాడు. కల్పన చేతిలో గిన్నె అలాగే పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆనందమ్మ కుడికన్ను అరచేత్తో మూసుకుని గోడ ముందు నిలబడి ఉంది. కాగితాన్ని వేలితో తడుముతోంది.

“ఇక్కడ, చుక్క పక్కన. లోపలికి లాక్కుపోయినట్టుంది. నిన్న లేదు.” చెయ్యి దించింది. “ఉండదా మరి. నా మాత్రలు మార్చేసింది నీ పెళ్ళాం. నాకు కళ్ళే పోయాయి గానీ వేళ్ళు పోలేదు. పొడుగువి ఇచ్చారు డాక్టరుగారు. ఇది గుండ్రటివి పెడుతోంది.”

శామ్యూల్ రాజ్ భార్య వైపు తిరిగాడు. “మార్చావా?”

“మార్చానండి.”

“డాక్టరు రాసిన మందు మార్చావా? నువ్వు నర్సువయ్యుండీ? ఎందుకు?”

ఒక్క మాట అంటే కల్పన ఆ నిందలోంచి బయటపడుతుంది. ఆ ఒక్క మాటకి అత్తగారి ముప్పయ్యేళ్ళ తల ఎత్తుకోలేని సిగ్గు ఈ గదిలో కుప్పపడుతుంది. గిన్నె కింద పెట్టింది. చేతులు కొంగుతో తుడుచుకుంది.

“తప్పు నాదేనండి. ముందు బస్సుకి బయలుదేరదాం. గీతలు వంగితే ఆలస్యం చేయొద్దన్నారు.”

“ఎందుకు మార్చావని అడుగుతున్నాను కల్పనా,” అన్నాడతను. అంత గట్టిగా అతను ఆ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదు. “అమ్మ కన్ను అది.”

కల్పన కింద పెట్టిన గిన్నె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. ఆనందమ్మ తల కొంచెం వాల్చి, పక్కచూపుతో కోడలి ఆకారాన్ని వెతుకుతోంది. మొహం కనపడదు ఆవిడకి. కానీ తప్పుచేసినవాళ్ళు ఇంతసేపు మాట్లాడకుండా ఉండలేరని డెబ్బయ్యేళ్ళ మనిషికి తెలుసు.

“ఆ పొడుగు మాత్రలో ఏముందే?” అంది, గొంతు తగ్గించి.

“మీకు పడదని...”

“నాకెందుకు పడదు?”

కల్పన కొంగు అంచు వేలికి చుట్టుకుంది. ఆనందమ్మే మళ్ళీ అడిగింది.

“ఆ రోజు డాక్టరు అలవాటుందా అని అడిగాడు. అందుకేనా అడిగింది?”

కల్పన తల వంచుకుంది. ఆనందమ్మకి ఆ వంచడం కనిపించి ఉండదు. అయినా అర్థమైంది. మంచం పట్టె తడుముకుని మెల్లగా కూర్చుంది. పద్నాలుగేళ్ళుగా తన కొంగున చిల్లులు కుట్టిన పిల్లని ఇంతకుముందే తను ఏమందో ఆవిడకి అప్పుడు తెలిసొచ్చింది.

“దాన్ననకురా రాజూ,” అంది. “నేను చుట్ట తాగుతాను. మీ నాన్న పోయిన ఏడు నుంచీ. మానలేదు.”

కల్పన మొగుడి వైపు చూసింది, అతని మొహం ఎలా మారుతుందోనని. ఏమీ మారలేదు. అతను గళ్ళ కాగితం వంక చూస్తూ నిలబడి ఉన్నాడు.

“తెలుసమ్మా,” అన్నాడు.

“ఏం తెలుసు?”

“చిన్నప్పుడు నీ చుట్టకి పొయ్యిలోంచి నిప్పు తెచ్చిచ్చింది నేనే కదా. ఆ వాసన నాకు తెలీదా?”

కల్పన గుమ్మంలోనే చతికిలపడింది. పద్నాలుగేళ్ళు తను ఒక్కతే మోస్తున్నాననుకున్న గుట్టు ఇది. అతను మొదటినుంచీ మోస్తూనే ఉన్నాడు, తనకి చెప్పకుండా.

“తెలిసే డాక్టరుతో లేదన్నావా?” అంది ఆనందమ్మ.

“నలుగురిలో నిన్ను...”

“నలుగురెక్కడున్నార్రా అక్కడ? పరాయివాడు ఆ డాక్టరొక్కడేగా.” ఆవిడకి కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎవరి మీద నిలవాలో తెలియక మళ్ళీ ఆవిడ మీదికే తిరిగింది. “అయినా నిన్నని ఏం లాభం. అడిగింది నన్ను. నా నోటికేమొచ్చింది?”

ఎనిమిదింటి బస్సు ఎక్కారు. అవనిగడ్డ దాటేదాకా ఆనందమ్మ కుడికన్ను మూసుకుని కిటికీ ఊచల వంకే చూస్తూ కూర్చుంది. అవి తిన్నగా ఉన్నాయా అని కొడుకుని అడిగింది. ఉన్నాయన్నాడు. నాకు లేవురా అంది. పులిగడ్డ అక్విడెక్టు వంతెన మీద బస్సు మెల్లగా వెళ్తున్నప్పుడు కల్పన, ఇంకెప్పుడు చెప్పినా ఇంతేననుకుని, ఆ మాత్ర ముప్పై మూడు రోజులు మింగిన సంగతీ, డాక్టరమ్మ చెప్పిన రెండో మాటా చెప్పింది. కంటిని తొందరపెట్టేది కూడా ఆ పొగేనట అత్తయ్యా అంది.

ఆనందమ్మ కిటికీ ఊచ పట్టుకుంది. “రోజూ ఆ పొయ్యి దగ్గరే కూర్చుని ప్రార్థన చేసుకున్నాను కన్ను నిలబెట్టమని,” అంది. “చేతిలో అది పెట్టుకునే.” తరవాత చల్లపల్లి, ఆపైన బందరు వచ్చేదాకా కోడలి చెయ్యి పట్టుకుని వదలలేదు.

ఆసుపత్రిలో పేరు పిలవగానే ముగ్గురూ లేచారు. ఆనందమ్మ ఆగింది.

“మీరిద్దరూ ఇక్కడే కూర్చోండి. పక్కనుంటే మళ్ళీ నా బదులు మీరే చెప్తారు.”

“అమ్మా, తలుపు దగ్గర మెట్టుంది,” అన్నాడు శామ్యూల్ రాజ్.

“తడుముకుంటాను.”

కాలితో మెట్టు వెతుక్కుని, తలుపు రెక్క పట్టుకుని లోపలికి వెళ్ళింది. రెక్క పూర్తిగా పడలేదు. బయట బల్ల మీదికి లోపలి మాటలు వినపడుతున్నాయి. ఆవిడ కూర్చోక ముందే మొదలుపెట్టింది. గురువారం కూటంలో చదివే గొంతే, వెనక వరసకి కూడా వినపడే గొంతు.

“బాబూ, నేను చుట్ట తాగుతానండి. నలభై యాభై ఏళ్ళ అలవాటు. మధ్యలో ఎనిమిది నెలలు మానాను. ఇవాళ పొద్దున కూడా ఒకటి కాల్చాను. మీరిచ్చిన మాత్ర ముప్పై మూడు రోజులు మింగాను. ఇవాళే గీతలు వంగాయి.”

వరసలో కూర్చున్నవాళ్ళు తలలు తిప్పారు. వాళ్ళలో అవనిగడ్డ సంఘం వాళ్ళు కూడా ఒకరిద్దరున్నారు. శామ్యూల్ రాజ్ లేవబోయాడు. కల్పన అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపింది.

“నేను ఆ రోజే అడిగాను కదమ్మా,” అంది డాక్టరు గొంతు. కోపం లేదందులో, అలసటే ఉంది. “అప్పుడే చెప్పుంటే ఆ మాత్ర రాసేవాణ్ణే కాదు. చుట్ట ఆ రోజే మానిపించేవాణ్ణి. మూడు నెలలు పోయాయి.”

“అవునండి. మర్యాదకి పోయాం.” అంతదాకా ఉన్న గొంతు ఉన్నట్టుండి సన్నబడింది. “బాబూ, కన్ను ఉంటుందా?”

“చూడకుండా చెప్పలేనమ్మా. గడ్డం ఇక్కడ ఆనించండి.”

శామ్యూల్ రాజ్ మోకాళ్ళ మీద మోచేతులు పెట్టుకుని మొహం దాచుకున్నాడు. కల్పన అతని చొక్కా వదల్లేదు. లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది.